కామాగారు చదవని వాక్యం

పొద్దున్న ఏడింటికి మామగారు మందు పెట్టెలోంచి కాగితం బయటికి లాగుతారు. బొటనవేలంత మడతలో ఉన్న ఆ కాగితాన్ని విప్పితే భోజనాల బల్ల సగం కప్పేస్తుంది. దాన్ని అరచేత్తో నాలుగుసార్లు సాపు చేసి, జేబులోంచి భూతద్దం తీసి, మందు పేరు మొదలుకొని తయారుచేసినవాళ్ళ చిరునామా దాకా గట్టిగా చదువుతారు. చదవడం పూర్తయ్యేదాకా ఆ ఇంట్లో ఎవరూ మాత్ర మింగడానికి వీల్లేదు.

ఆయన ముప్పై ఒక్క ఏళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దారు. అక్కడ అచ్చయ్యేవి కథలూ కావ్యాలూ కావు, మందు పెట్టెల్లో పెట్టే కాగితాలు. ప్రతి కామా దగ్గరా ఆగి ఊపిరి తీసుకుంటారని తోటివాళ్ళు ఆయనకి కామాగారని పేరు పెట్టారు. ఉద్యోగం ఆగింది గానీ చదువు ఆగలేదు.

అత్తగారు తలనొప్పి మాత్ర అడిగితే, కాగితం రెండోవైపు తిరిగేసరికి నొప్పి దానంతటదే తగ్గిపోయేది. లేదా రెండింతలయ్యేది.

"ఏమండీ, నిన్న చదివిందేగా ఇది!"

"నిన్నటిది వేరే పెట్టె. ఇందులో తప్పు పడి ఉండొచ్చు."

"పడితే పడనీండి, నా తల పగిలిపోతోంది."

"అరుదుగా, దద్దుర్లు, కళ్ళు తిరగడం, కడుపులో వికారం..."

"అయ్యో, దురద మొదలైంది!"

"ఇంకా మాత్ర వేసుకోలేదు కదే."

"మీరు చదివితే చాలు, వేసుకోనక్కర్లేదు."

రక్తం పట్టడానికి ఇనుము మాత్ర వేసుకున్నాక, కాగితంలో ఉందని గంటదాకా ఆవిడకి కాఫీ అందనిచ్చేవారు కాదు. కొడుకు దగ్గు మందు పట్టుకుని స్నానాలగదిలోకి పారిపోయేవాడు. మామగారు తలుపు అవతల నిలబడి చదివేవారు.

కోడలికి మొదట్లో ఇదంతా నవ్వులాటగానే ఉండేది. ఆమె కుట్టు కార్ఖానాలో కత్తిరింపు బల్ల దగ్గర పనిచేసేది. ఇరవై నాలుగు వరసల గుడ్డను యంత్రపు కత్తితో ఒక్క గీతలో కోసే చెయ్యి ఆమెది. ఒకనాడు ఆ బల్ల పక్కనే ఫిట్స్ వచ్చి పడిపోయింది. మర్నాటి నుంచి ఆమెను గుండీలు వేరుచేసే మూలకి మార్చారు. స్కూటరు తాళం అత్తగారి బీరువాలోకి వెళ్ళింది. తెల్లగుండీలు ఒకపక్క, నల్లగుండీలు ఒకపక్క పోస్తూ, తన బతుకింతేనని అనుకునేది.

దిగులు పోగొడుతుందని కార్ఖానాలో తోటి పనిచేసే ఒకామె పసుపు పూల బొమ్మ ఉన్న మూలికల టీ పొట్లం ఇచ్చింది. మామగారు అట్ట వెనక చదివారు. చివరిదాకా రాకుండానే లేచి, టీ పొడి అంతా సింకులో ఒంపేశారు.

"ఎనిమిది అచ్చుతప్పులు! ఇలాంటి టీ మనింట్లో వద్దు."

"మామయ్యా, తాగేది టీ కదా, అట్ట కాదు కదా!"

"అట్ట మీద శ్రద్ధ లేనివాడికి టీ మీద ఏం శ్రద్ధ ఉంటుందమ్మా?"

ఆ రోజు కోడలు వంటగదిలో నిలబడి ఏడ్చింది. ఈ ఇంట్లో ఏడవడానికి కూడా ముందు ఆయన చేత కాగితం చదివించుకోవాలేమో అనుకుంది.

ఆమెకొక రహస్యం ఉంది. పిల్లలు అప్పుడే వద్దనుకుని పదకొండు నెలలుగా గర్భం రాకుండా మాత్రలు వాడుతోంది. మొగుడికి తెలుసు. మిగతావాళ్ళకి చెప్పడానికి భయమేమీ లేదు. కానీ పొద్దున్న ఏడింటికి భోజనాల బల్ల మీద, ప్రతి కామా దగ్గరా ఆగుతూ, మామగారు ఆ కాగితం గట్టిగా చదవడం ఊహించుకుంటేనే ఆమెకి ప్రాణం పోయేది. అందుకే కాగితం కార్ఖానా చెత్తబుట్టలో పారేసి, మాత్రలు ఇంట్లో తన గుండీల డబ్బాలో దాచింది.

రెండోసారి ఫిట్స్ వచ్చాక పెద్ద డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ రోజూ వేసుకోవలసిన మందు రాసింది. "ఏడాదిపాటు ఫిట్స్ రాకుండా ఉంటే మందు మార్చి చూద్దాం. అందాకా గర్భం వద్దు, ఈ మందు కడుపులో బిడ్డకి మంచిది కాదు. జాగ్రత్త పడుతున్నారుగా?"

కోడలు తల ఊపింది.

"వేరే మాత్రలేమైనా వాడుతున్నావా?"

పక్క కుర్చీలో మామగారు మెడ సాచి, గోడ మీది డాక్టరుగారి పట్టాను భూతద్దంతో చదువుతున్నారు.

"ఏమీ లేవండి," అంది కోడలు.

మొదటి ఎనిమిది రోజులకి ఆస్పత్రివాళ్ళు విడి మాత్రలు పొట్లం కట్టి ఇచ్చారు. పెట్టె లేదు, కాగితం లేదు. "కాగితం లేని మందా!" అని మామగారికి అన్నం సహించలేదు. రోజూ మందుల దుకాణానికి వెళ్ళి నిలబడ్డారు. తొమ్మిదోనాడు పెట్టె వచ్చింది.

మామగారు కాగితం సాపు చేశారు. చదివారు. "ఇతర మందులతో కలిపి వాడునప్పుడు, రక్తం పలచబరచు మందులు, గుండె మందులు..." అని ఆగారు. దగ్గారు. మంచినీళ్ళు తాగారు. "ఎండ తగలని చోట, పిల్లలకు అందకుండా, భద్రపరచవలెను," అని ముగించి, చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోయారు.

"ఇవాళ తొందరగా వదిలారు, నా అదృష్టం," అంది అత్తగారు.

కోడలు కదల్లేదు. పుట్టి బుద్ధెరిగాక ఒక్క అక్షరం వదలని మనిషి ఒక వాక్యం మొత్తం వదిలేశారు. బల్ల మీద కాగితం అలాగే పరిచి ఉంది. దాని మీద భూతద్దం. స్నానానికి వెళ్ళినా కిటికీలో కనబడేలా పెట్టుకునే భూతద్దాన్ని మర్చిపోయి వెళ్ళారు. దాని కింద అక్షరాలు చీమల్లా కాదు, కందిగింజలంత కనిపిస్తున్నాయి: ‘ఈ మందు, గర్భనిరోధక మాత్రల ప్రభావాన్ని తగ్గించవచ్చు. వేరే పద్ధతి కొరకు, వైద్యుని సంప్రదించవలెను.’

ఆమె వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. ఎనిమిది రోజులు. రోజూ గుండీల డబ్బా తెరిచి, తలుపు గడియ వేసి, గుటుక్కున మింగిన మాత్రను ఈ ఫిట్స్ మాత్ర తినేస్తోందన్నమాట. రాకూడని వేళ బిడ్డ వస్తే?

మరి మామగారికెలా తెలుసు? అలమరలో ఆయన కాగితాల దస్త్రం తీసింది. చదివినదాని మీదల్లా ఎర్ర పెన్సిలుతో తేదీ వేస్తారాయన. అడుగున తన మాత్రల కాగితం, దుకాణం నుంచి తెచ్చింది, నాలుగుసార్లు సాపు చేసింది, కనిపించింది. మడతలో తను ఇంటి చెత్తలో పారేసిన ఖాళీ మాత్రల రేకు. తేదీ పది నెలల కిందటిది. ఆయన గొంతు వినబడకుండా చదివిన కాగితం ఆ ఇంట్లో అదొక్కటే. దాని వెనక పసుపు పూల టీ అట్ట. అందులో ఒకే వాక్యం కింద గీత: గర్భనిరోధక మాత్రలు వాడువారు తాగరాదు. కోడలు అట్టంతా రెండుసార్లు వెతికింది. అచ్చుతప్పు ఒక్కటీ లేదు.

మధ్యాహ్నం ఆస్పత్రికి మామగారే తోడెళ్ళారు. డాక్టరుగారి గది గుమ్మం దగ్గర ఆగిపోయారు.

"నువ్వెళ్ళమ్మా. నాకిక్కడ బోర్డులు చదివే పనుంది."

ఆమె లోపల అంతా చెప్పింది. పరీక్షలో గర్భం లేదని తేలింది. మూడు వారాల తర్వాత చేసిందీ అదే చెప్పింది. మాత్రలు మాన్పించి, ఏ మందూ పాడుచెయ్యలేని సాధనం గర్భసంచిలో అమర్చారు.

"అన్నీ చెప్పావా?" అన్నారాయన, ఆ మధ్యాహ్నం ఆమె బయటికి రాగానే.

"కామాలతో సహా చెప్పాను మామయ్యా."

ఆయన ముఖం గోడకి తిప్పుకున్నారు. "చూశావా, ‘నిశ్శబ్దం’లో ఒత్తు మింగేశారు," అన్నారు.

ఈమధ్య మామగారికి చూపు తగ్గింది. పొద్దున్న ఏడింటికి కోడలు చదువుతుంది, ఆయన కళ్ళు మూసుకుని "అక్కడ కామా ఉండాలే" అంటారు. ఒకరనుకుంటే ఇద్దరయ్యారని అత్తగారు కాఫీ గ్లాసుతో వాకిట్లోకి పారిపోతుంది. ఫిట్స్ రాక పదమూడు నెలలైంది. కోడలు మళ్ళీ కత్తిరింపు బల్ల దగ్గరే పనిచేస్తోంది.