నడిపి ఫాదర్ కూర్చున్న ముందు సీటు

ఈ సంగతి రాసి ఉంచవలసిన అవసరం ఎందుకు కలిగిందో ముందుగా చెప్పడం మర్యాద. నేను చిరకాలం పనిచేసిన ప్రొద్దుటూరు కళాశాల వారు ఇటీవల ఒక జ్ఞాపక సంచిక వెలువరించారు. మా విద్యార్థుల ఆధ్యాత్మిక సంరక్షణ చూసిన కతోలిక గురువుల ఛాయాచిత్రాలు అందులో వరుసగా వేసి, ఒక్కొక్కరి కింద గురుపట్టం పొందిన ఏడు, బదిలీ అయిన ఏడు మాత్రం అచ్చువేశారు. అందరికీ అదే తెల్లటి అంగీ. చూసినవారికి వారంతా ఒకే అచ్చులో పోసిన మనుషులనిపిస్తుంది. అది నిజం కాదు. వారు ఆ అంగీ తొడుక్కోవడానికి ముందు బతికిన బతుకులు వేరు, అక్కడికి చేరిన దారులు వేరు. ఆ తేడాలే లేకపోతే ఫ్యాక్షన్ రోజుల్లో మా వసతిగృహంలోని ఒక విద్యార్థి తన చివరి సంవత్సరం పరీక్షలు రాసి ఉండేవాడు కాదు. ఆనాడు కారులో ఉన్నవారిలో ఇద్దరమే మిగిలాం కనుక రాస్తున్నాను.

నేను గణితశాస్త్ర అధ్యాపకుణ్ణి. వసతిగృహ పర్యవేక్షణ కూడా నాదే. వారి మతస్థుణ్ణి కాను. మా ఇంటివారు శ్రావణమాసంలో గండి ఆంజనేయస్వామి దర్శనానికి వెళ్లేవారు. అయినా ఆ రోజుల్లో గురువుల నివాసంలో ఉన్న ముగ్గురితోనూ నాకు ప్రతి ఉదయం ఫలహారం కలిసి చేసే అలవాటు ఉండేది. ఇళ్లలో అన్నదమ్ములను పిలిచినట్టే విద్యార్థులు వారిని పెద్ద ఫాదర్, నడిపి ఫాదర్, చిన్న ఫాదర్ అని పిలిచేవారు.

పెద్ద ఫాదర్ కేరళవారు. గురువు కాకమునుపు సైన్యంలో లారీలు నడిపారు. కొండదారిలో ఒక రాత్రి తన వెనకబండి లోయలో పడిపోవడం చూశారట. సెలవు మీద ఇంటికి వెళ్లి, మళ్లీ సైన్యానికి పోక గురువిద్యాలయం తలుపు తట్టారు. అంతకుమించి ఆ సంగతి చెప్పేవారు కాదు. తెలుగు ఆయనకు ప్రొద్దుటూరు కూరగాయల అంగట్లో అబ్బింది. అందువల్ల ప్రసంగపీఠం మీద నుంచి కూడా "దేవుడు శానా మంచోడప్పా" అనేవారు. భాష విషయంలో నేను కొంత పట్టుదల గలవాణ్ణి, ఎన్నోసార్లు సవరించాను. ఆయన నవ్వి ఊరుకునేవారు, నేనూ చివరికి ఊరుకున్నాను.

చిన్న ఫాదర్ చాపాడు వైపు గొర్రెలు మేపుకొనే ఇంట పుట్టినవారు. వారి ఇంట్లో ఆయన తప్ప అందరూ హిందువులే. ఎండాకాలం పొలాల్లో ఎరువు కోసం మంద నిలిపే పనిమీద తండ్రి వెంట ఊరూరూ తిరిగి, ఒక ఊళ్లో చర్చివారి బడిలో చదువు మొదలుపెట్టి, అక్కడే నిలిచిపోయారు. మంద నిలిపేవాడికి పార్టీ, అంటే మా వైపు ఊరి ముఠా, ఉండదు. ఈ రైతు పొలంలో ఈ వారం, ఆ రైతు పొలంలో పై వారం. అందుచేత ఏ ఊరికి వెళ్లినా ఆయన్ను ఎవరూ అనుమానంగా చూసేవారు కాదు.

నడిపి ఫాదర్ మా విద్యార్థుల గురువుగా నియమితులైనవారు. జమ్మలమడుగు దగ్గర తరతరాలుగా కతోలికులైన ఒక పెద్ద రైతు కుటుంబం వారిది. తండ్రి పోయేనాటికి పార్టీ నడపవలసిన బాధ్యత ఇద్దరు కొడుకుల మీద పడింది. అన్న ఒప్పుకున్నారు. తమ్ముడు గురువిద్యాలయానికి వెళ్లిపోయారు. ఆనాటి నుంచి అన్న ఆయనతో మాట్లాడలేదు.

ఇక ఆ విద్యార్థి. పులివెందుల నుంచి జమ్మలమడుగు వచ్చే దారిలో వాళ్ల ఊరు. వాళ్ల పార్టీకి ఎదుటి పార్టీ ఏదంటే, నడిపి ఫాదర్ అన్నగారిదే. ఎన్నికలు దగ్గరపడి, రెండు పక్షాలూ రెండు పెద్ద రాజకీయ పార్టీల నీడన చేరి, తగాదా ముదిరిన రోజుల్లో మా వాళ్లకు పరీక్షా కేంద్రం జమ్మలమడుగులో వేశారు. మిగిలిన విద్యార్థులకు అది బస్సు ప్రయాణం మాత్రమే. ఇతనికి ఆ ఊరి మొదట్లో ఉన్న టీ అంగడి దాటడం ఒక సమస్య. ఎదుటి పార్టీ మనుషులు పొద్దస్తమానం కూర్చునేది అక్కడే.

అతని చిన్నాయన వసతిగృహానికి వచ్చాడు.

"పిల్లోణ్ణి పిలుచుకపోతా సార్. ఎలచ్చన్లు అయ్యేదాకా ఇంటికాడ ఉంటాడు."

హాల్ టికెట్లు వచ్చాయనీ, నిబంధనల ప్రకారం పరీక్షలు అయ్యేవరకు విద్యార్థి వసతిగృహం విడిచి వెళ్లకూడదనీ చెప్పాను.

"ఆ నిబంధనలేవో జమ్మలమడుగు టీ అంగడి కాడ కూచ్చున్నోళ్లకు చెప్పండి సార్. మీ మాటంటే భయపడతారేమో."

అంతవరకు తలుపు దగ్గర నిలబడి వింటున్న విద్యార్థి అప్పుడు నోరు విప్పాడు. "రాస్తా చిన్నాయనా. ఇప్పుడు ఇంటికొస్తే నేను గూడా మీ మాదిరే జీపులో తిరగాల్సిందే."

అతడు చెప్పింది అక్షరాలా నిజం. ఆ ఊళ్లకు చదువు మధ్యలో ఆపి వెళ్లినవాడు తిరిగి తరగతి గదికి రావడం నేను చూడలేదు. చిన్నాయన రెండు రోజుల్లో వస్తానని వెళ్లిపోయాడు.

మర్నాడు ఉగ్గాని తింటూ ఈ విషయం ముగ్గురికీ చెప్పాను. నడిపి ఫాదర్ తమ ప్రాంతపు కట్టుబాటు ఒకటి చెప్పారు. ఏ బండిలోనైనా ముందు సీట్లో తమ ఇంటి మనిషి కనబడితే ఆ బండి మీద తమ పార్టీవారు చెయ్యి వెయ్యరు. లోపల ఇంకెవరున్నా సరే.

"ముందు సీట్లో నేను కూర్చుంటాను" అన్నారు.

"బండి నేను తోల్తా" అన్నారు పెద్ద ఫాదర్. ఆయన దృష్టి కళ్లద్దాల మీద ఆధారపడి ఉన్నదని గుర్తుచేశాను. "అద్దాలు పెట్టుకోనే తోల్తా సారూ" అన్నారు.

విద్యార్థి ఇంటివారిని ఒప్పించే పని చిన్న ఫాదర్ తీసుకున్నారు. ఆ సాయంత్రమే వెళ్లి, మజ్జిగ తాగి, అంగీకారం తెచ్చారు. ఎలా సాధించారని నేను వివరంగా అడిగి ఉండవలసింది.

పరీక్ష నాటి ఉదయం పెద్ద ఫాదర్ స్టీరింగు ముందు, నడిపి ఫాదర్ ఆయన పక్కన, నేనూ విద్యార్థీ వెనక. పాత కారు జమ్మలమడుగు మొదట్లోకి చేరేసరికి టీ అంగడి ముందు నాపబండ మీద కూర్చున్నవారంతా ఒక్కసారిగా లేచి రోడ్డుకు అడ్డం వచ్చారు. ముందు సీటు సంగతి తెలిసినవారే అలా రావడం నాకు అర్థం కాలేదు. వారిలో పెద్దవయసువాడు, వరసకు నడిపి ఫాదర్‌కు మేనమామ, కిటికీలోకి వంగి చూశాడు.

"ఏందప్పా, నిన్ను ఎత్తుకపోతాండారా?"

"లేదు మామా. పరీక్షకు పోతాండాం."

"ఈ వయసులో నీకేం పరీక్షప్పా? సామివయినంక గూడా పాస్ కాలేదా?"

చుట్టూ ఉన్నవారు నవ్వారు. మేనమామ నవ్వలేదు. "మరి వెనక ఆ జీపేంది?"

మేమందరం వెనక్కి తిరిగాం. కొంచెం దూరంలో విద్యార్థి చిన్నాయన తాలూకు జీపు, నిండా మనుషులు. ఎదుటి పార్టీ జీపు కాపలా కాస్తుండగా వస్తున్న కారులో తమ నాయకుడి తమ్ముడు కూర్చుని ఉంటే, చూసేవారికి కలిగే అర్థం ఒకటే. పెద్ద ఫాదర్ మెల్లగా అన్నారు: "ప్రొద్దుటూరు దాటినకాడి నుంచి వస్తానే ఉండాది. సైన్యంలో వెనకబండి ఎప్పుడూ అట్లే వస్తాది గదా, అందుకే చెప్పలా."

నడిపి ఫాదర్ దిగి, ఆ అంగీతోనే నడుచుకుంటూ జీపు దగ్గరికి వెళ్లారు. నేను కిటికీ అద్దం దించాను. వాళ్ల మాటలు వినిపించాయి.

"మా పిల్లోణ్ణి వీళ్ల కాడ ఇడిచిపెట్టి పొమ్మంటావా సామీ?"

"మీరు ఈడ ఉన్నంతసేపూ నేను ఎవరి మనిషినో వాళ్లకు తెలీదు. మీరు పోతే తెలుస్తాది."

జీపు వెంటనే కదల్లేదు. ఆయన దాని ఎదుటే నిలబడ్డారు. చివరికి అది వెనక్కి మళ్లి, వచ్చిన దారినే పోయింది. నడిపి ఫాదర్ తిరిగివచ్చి మళ్లీ ముందు సీట్లోనే కూర్చున్నారు.

"నాయన మాట వినకుండా సామివైతివి. ఇప్పుడు ఈళ్ల బిడ్డను ఎక్కించుకోని మా కళ్లముందరే పోతాండావు" అన్నాడు మేనమామ. "మీ అన్నకు ఏం చెప్పమంటావు?"

"ముందు సీట్లో నేనుండానని చెప్పు మామా."

పరీక్ష ప్రారంభానికి వ్యవధి తక్కువగా ఉందనీ, ఆలస్యంగా వచ్చినవారిని లోపలికి అనుమతించరనీ నేను వెనక నుంచి తెలియజేశాను.

"ఈయనెవురప్పా?"

"లెక్కల సారు."

"మావోడు లెక్కల్లో రెండుతూర్లు పోయింది ఈయన చేతిలోనేనా!" అని నా వంక ఒకసారి తీక్షణంగా చూసి, రోడ్డు మీది నుంచి పక్కకు జరిగాడు. మిగిలినవారూ జరిగారు. గంట కొట్టకముందే విద్యార్థి తన బెంచీ మీద కూర్చున్నాడు.

సాయంత్రం విచారించగా తేలిన సంగతి ఇది. చిన్న ఫాదర్ ఆ ఇంట్లో ధైర్యం చెబుతూ, "ముందర మా నడిపి ఫాదర్ ఉంటాడు, వెనక మీరు చూసుకోండి" అన్నారట. మంద తోలేటప్పుడు ముందు ఒకరు, వెనక ఒకరు నడవడం ఆయన పుట్టి పెరిగిన పద్ధతి. విన్నవారు దానికి జీపు కట్టారు. ఆయన చాలా నొచ్చుకున్నారు. పెద్ద ఫాదర్ మాత్రం "గొర్రెలోళ్లకు, లారీవోళ్లకు ఒకే రూలప్పా, నువ్వేం తప్పు చేయలా" అని ఆయన వీపు తట్టారు. ఇకమీదట ఏ జీపూ వెంట రాకూడదని చెప్పడానికి చిన్న ఫాదర్ ఆ పూటే మళ్లీ వెళ్లారు.

ముగ్గురిలో ఏ ఒక్కరు లేకపోయినా ఈ ప్రయాణం సాగేది కాదు. దైవపిలుపు వినగానే మనిషి పాత బతుకు విడిచిపెడతాడని నేను అనుకునేవాణ్ణి. ఆ ముగ్గురూ తమ పాత బతుకులను వెంట తెచ్చుకుని మా కళాశాలకు ఇచ్చారు.

రెండవ పరీక్షకు వెళ్లేటప్పుడు టీ అంగడి ముందు ఒక్కరే నిలబడి ఉన్నారు. తెల్లటి పంచె, భుజాన తువ్వాలు, నడిపి ఫాదర్ ముఖమే కొంచెం ముదురుగా. ఆయన చెయ్యెత్తగా పెద్ద ఫాదర్ కారు ఆపారు. అన్నగారు ముందు కిటికీ దగ్గరికి వచ్చి, వెనక కూర్చున్న విద్యార్థిని ఒకసారి చూసి, వంగి తమ్ముడితో ఏదో అన్నారు. ఇంజను శబ్దంలో నాకు వినబడలేదు. నడిపి ఫాదర్ తల ఊపారు. కారు కదిలింది. ఆ తరువాత పరీక్షలన్నీ ముగిసేవరకు ఆ దారిలో మమ్మల్ని ఎవరూ ఆపలేదు.

విద్యార్థి ఉత్తీర్ణుడయ్యాడు. ఇప్పుడు పులివెందులలో గణితమే బోధిస్తున్నాడు. ప్రశ్నపత్రాలు నాకంటే కఠినంగా ఇస్తాడని విని సంతోషించాను. ముగ్గురు ఫాదర్లూ ఇప్పుడు లేరు. అన్నగారూ లేరు.

జ్ఞాపకం మీద ఆధారపడి రాశాను గనుక పొరపాట్లు ఉండవచ్చు. తెలిసినవారు మొహమాటపడకుండా దిద్దవలసిందిగా కోరుతున్నాను. ముఖ్యంగా ఒక విషయంలో మేమిద్దరం ఏకీభవించడం లేదు. అన్నగారు "అన్నం తిని పో" అన్నారని నా విద్యార్థి అంటాడు. "జాగ్రత్తగా పో" అన్నారని పెద్ద ఫాదర్ చెప్పినట్టు నాకు గుర్తు. ఆ ఉదయం టీ అంగడి లోపల ఉండి ఆ మాట విన్నవారు ఎవరైనా జమ్మలమడుగులో ఉంటే దయచేసి తెలియజేయండి. సరిచేసి రాస్తాను.