ఆ చెవి నాది కాదు

మా బావ కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. స్క్రూడ్రైవర్ మొనని మిషన్ ఒంటికి ఆనించి, పిడిని చెవికి తాకించుకుని, మెల్లిగా చక్రం తిప్పుతాడు. "ఇదిగో, ఇక్కడ" అంటాడు. అక్కడ విప్పితే రోగం అక్కడే దొరుకుతుంది. ఊళ్ళో దర్జీలంతా ఆయన్ని చెవి మాస్టారు అంటారు. ఆ పేరు వినపడ్డప్పుడల్లా మా అక్క తల వంచుకుంటుంది. కొంతకాలంగా ఆ చెవి పనిచేయడం లేదు మరి.

షాపు గోడకి అవతల రేకుల కార్ఖానా. పొద్దున షట్టరెత్తింది మొదలు దింపేదాకా ప్రెస్సు రేకుల మీద దభీదభీమని పడుతూనే ఉంటుంది. బావకి ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడిది సగం మిగిలింది. ఈ మోత ఆగకపోతే అదీ దక్కదని డాక్టరు తేల్చేశాడు. మనుషుల మాటలు పెదవులు చూసి పోల్చుకుంటాడు, మిషన్లకి పెదవులుండవు కదా. అందుకని వాటి చప్పుడు వినేది మా అక్క. పక్కన కూచుని నూనెడబ్బా అందిస్తున్నట్టే అందిస్తూ, తప్పున్న చోట వేలితో తడుతుంది. బావ "ఇదిగో, ఇక్కడ" అంటాడు. ఈ నాటకం ఇంట్లో మాకు తప్ప ఎవరికీ తెలియదు. చెవుడని తెలిస్తే ఇక మిషన్ ఎవడు తెస్తాడని ఆయన భయం. పని మా అక్కది, పేరు ఆయనది. నాకు ఒళ్ళు మండేది.

మోత భరించలేక వీధి వీధంతా కలిసి కోర్టుకెళ్ళింది. కార్ఖానా యజమాని గట్టివాడు. ఇళ్ళవాళ్ళని ఒక్కొక్కరినే మంచి చేసుకున్నాడు, వాళ్ళు చల్లగా జారుకున్నారు. చివరికి కేసులో మిగిలింది అద్దెకున్న మా బావే.

వాయిదా రోజున అవతలి లాయరు లేచాడు. "తప్పుకున్నవాళ్ళ కోసం ఈయన కొట్లాడతాడటండీ! అసలు ఈయనకేం నష్టం జరిగింది?" అంటూ టైలరింగ్ స్కూలు మేడంని బోనెక్కించాడు. పాపం, ఆవిడకి బావంటే ఎంత గౌరవమో.

"ఆయనది బంగారం లాంటి చెవండీ. మొన్న మా మిషన్ ఇలా తిప్పారో లేదో, అలా పట్టేశారు" అంది ముఖమంతా నవ్వు చేసుకుని.

ఆ మెచ్చుకోలే మా మెడకి ఉరితాడైంది. మా లాయరమ్మ తెల్లముఖం వేసింది. ఆమెకి కూడా అసలు సంగతి చెప్పనివ్వలేదు మహానుభావుడు.

జడ్జిగారు కళ్ళజోడు తీశారు. "చూడండి, వెళ్ళిపోయినవాళ్ళ కష్టాలు మీరు చెప్పడానికి వీల్లేదు. మీకంటూ జరిగిన హాని ఉంటే చెప్పండి. లేదంటే కేసు వేసే హక్కే మీకు లేదని కొట్టేయాల్సి వస్తుంది."

బావ అక్క వైపు చూశాడు. ఎప్పటిలాగే ఆమె పెదవులు మాత్రం కదిపి ప్రశ్న అందించింది. చెబితే షాపు పోతుంది, చెప్పకపోతే ఉన్న కాస్త చెవీ పోతుంది. చెప్పు బావా, చెప్పవయ్యా మొద్దూ, అని లోపల్లోపల తిట్టుకుంటున్నాను. అవతలి లాయరు అప్పుడే కాగితాలు సర్దేసుకుంటున్నాడు.

"మేడంగారు చెప్పిన చెవి నాది కాదండీ!"

తన గొంతు ఎంత పెద్దదో బావకి తెలియదు. హాలంతా ఉలిక్కిపడింది.

"అది మా ఆవిడది. నాకు వినపడదు. ఆ ప్రెస్సే తినేసింది. తమరు అడిగింది కూడా ఆవిడ చెప్తేనే తెలిసింది."

మేడం నోరు తెరుచుకుని అక్కనే చూస్తోంది. "ఇదంతా ఇప్పుడల్లిన కథ" అని అవతలి లాయరు ఎగిరాడు.

"నిజమో కాదో రుజువుల్లో తేలుతుంది. హాని తనకే జరిగిందంటున్నాడు, కేసు వినడానికి అది చాలు" అన్నారు జడ్జిగారు, తలొంచుకుని రాసుకుంటూ.

ఆయన పెదవులు బావకి కనపడలేదు. కనపడింది భోరుమన్న అక్క ఒక్కతే. బావ ముఖం పాలిపోయింది. దగ్గరికొచ్చి ఆమె భుజం మీద చెయ్యేశాడు.

"పోనీలే, ఏడవకు. వేరే ఎక్కడైనా బతుకుదాం."

గుట్టు బయటపడుతుందని, నలుగురిలో ఆయనతో అక్క ఏనాడూ గొంతు పెంచలేదు. వేళ్ళతో, పెదవులతో సరిపెట్టుకొచ్చింది. ఇప్పుడు జడ్జిగారున్నారన్న జంకైనా లేకుండా, ఆయన కుడి చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది.

"కేసు ఉందండీ! మీ కేసు ఉంది!"

బంట్రోతు నిశ్శబ్దం అని గదమాయించాడు. బావకి అది వినపడలేదు.

"ఏంటీ? మళ్ళీ చెప్పు" అన్నాడు.

అక్క మళ్ళీ అరిచింది.