అలమరలో పరిచిన ప్లాన్లు

నేను మూడో తరగతితో ఆపేశాను. తెలుగు కూడబలుక్కుని చదువుతాను, ఇంగ్లీషు రాదు. కాగితం వృథా చేయకూడదని మాత్రం బాగా తెలుసు. ఆ తెలివే మా అమ్మాయి కొంప ముంచింది.

మా అమ్మాయి ఆర్కిటెక్టు. షికాగోలో పదకొండేళ్లు పెద్ద పెద్ద మేడలకు ప్లాన్లు గీసింది. అల్లుడి ఉద్యోగంతో దేశం మారి ఎష్‌బోర్న్ అనే ఊరికి వెళ్లాక, అక్కడి ఆర్కిటెక్టుల సంఘంలో పేరెక్కితే గాని ఆర్కిటెక్టునని చెప్పుకోకూడదన్నారు. చేసిన పనికి సాక్ష్యం కావాలన్నారు. షికాగోలో దాని పై ఆఫీసరు, ముసలాయన, ఎనిమిది ప్లాన్ల మీద ఇవి ఈమె గీసినవేనని తన చేత్తో రాసి సంతకాలు పెట్టి ఇచ్చాడట. వాటిని పొడుగాటి అట్టగొట్టంలో చుట్టి కెల్లర్‌లో, మేడ కింద సామాన్లగదిలో, దాచుకుంది.

నేను వాళ్ల దగ్గరికి మూడు నెలలకని వెళ్లాను. కరోనాతో విమానాలు ఆగిపోయాయి. అల్లుడు పడకగది తలుపేసుకుని పని చేసుకునేవాడు. అమ్మాయి ఆ సంఘం వాళ్ల టెర్మిన్ కోసం, అంటే రమ్మని ఇచ్చే తేదీ కోసం, రోజూ కంప్యూటర్ చూసేది. ఆఫీసులే మూతబడితే టెర్మిన్ ఎవరిస్తారు?

ఊరికే కూర్చోలేక వంటింటి అలమరలు దులిపాను. మా ఇళ్లలో కింద కాగితం పరవకుండా డబ్బా పెట్టం.

"ఏమే, మేడలు గీసేదానివి, అలమరకో కాగితం పరవలేవా?"

"అక్కర్లేదమ్మా. గుడ్డతో తుడిస్తే పోతుంది."

"పేపరైనా రాదు మీ ఇంటికి. ఇదేం సంసారమో."

నవ్వి కంప్యూటర్ వైపు తిరిగింది.

ఉల్లిపాయలకని కెల్లర్‌లోకి దిగినప్పుడు ఆ గొట్టం కనపడింది. లోపల మందపాటి కాగితాలు, ఒకవైపు అన్నీ గీతలు. పాత ఉద్యోగానివి, ఇంకెందుకులే అనుకున్నాను. అడగాల్సింది. అడిగితే వద్దంటుందని అడగలేదు. అలమర కొలతకు కత్తిరించి, తెల్లవైపు పైకి వచ్చేలా పరిచాను. అంచుముక్కలు కూడా పారేయలేదు, పోపుడబ్బా కింద వేశాను. "బాగుందమ్మా" అంది చూసి.

ఎనిమిది నెలలకు టెర్మిన్ దొరికింది. ఆ పొద్దున గొట్టం పైకి తెచ్చి మూత తీసింది. లోపలికి చెయ్యి పెట్టి వెతికింది.

"అమ్మా, ఇందులో కాగితాలు చూశావా?"

స్టూలు వేసుకుని డబ్బాలు ఒక్కొక్కటే దించాను. కాగితాల అవతలివైపుకి నూనె దిగింది, పసుపు దిగింది. ఒక సంతకం మీద ఆవకాయ జాడీ గుండ్రంగా కూర్చున్న మరక.

"ఆయన్నడిగి మళ్లీ రాయించుకో."

"ఆయన పోయాడమ్మా, కరోనా వచ్చిన కొత్తలోనే. ఆ ఆఫీసూ తీసేశారు."

"ఫోటోలు తీసుకోలేదా?"

"ఉన్నాయి. అసలువే తెమ్మన్నారు."

తిట్టలేదు. తిడితే బదులు చెప్పడం నాకు వచ్చు. ముక్కలన్నీ టేపుతో అతికించి, మాస్కు కట్టుకుని రైలెక్కింది. మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చింది.

"ఏమన్నారే?"

"చెల్లవన్నారు."

చేతులు కడుక్కుని, ఆ కాగితాలు తనే మళ్లీ అలమరలో పరిచింది. ఈసారి గీతలవైపు పైకి.

"తీసెయ్యవే" అన్నాను.

"ఉండనీ అమ్మా. పనికొచ్చేది ఇక్కడే."

తర్వాత ఎవరిదో ఆఫీసులో చేరింది. వంటిళ్ల కొలతలు గీస్తుంది, సంతకం ఇంకొకరు పెడతారు. విమానాలు మొదలయ్యేదాకా నేనక్కడే ఉన్నాను. పొద్దున్నే పప్పు డబ్బా తీస్తే కింద అది గీసిన కిటికీలు వరసగా కనిపించేవి. పప్పు పోసుకుని డబ్బా మళ్లీ వాటి మీదే పెట్టేదాన్ని.