తొమ్మిది కూతలు తీసెయ్యమన్న కౌజక్క

కౌజక్క మొదటి గెలుపు ఒక కౌజు పుంజు. పదకొండో ఏట నలభై మూడు తెల్లవారుఝాములు తుప్పల బీడులో బోర్లా పడుకుని, మోచేతులు చెక్కుకుపోయి, నలభై నాలుగో నాడు ఉత్త నోటితో కూసి ఆ పిట్టను తన అరచేతికి జానెడు దూరం దాకా రప్పించింది. గింజ చల్లలేదు, బోనులో పెంపుడు పిట్టను ఎర పెట్టలేదు. ఒట్టి గొంతు!

కౌజంటే కోడిపెట్టలో సగం ఉండే అడవిపిట్ట. ఎగరడం తక్కువ, పరుగెక్కువ, పొగరు మరీ ఎక్కువ. తన హద్దులో ఇంకో పుంజు కూసిందంటే వెళ్ళి తన్నందే దానికి మేత సయించదు. ఆ కోపమే దాని చావు. వేటగాడు పొదలోంచి కూస్తాడు, అది తిట్టుకుంటూ వస్తుంది, వలలో పడుతుంది.

ఆ రోజు మాత్రం పడలేదు. పుంజు వెనకాలే పెట్ట కూడా వచ్చింది. పక్కనే వల తాడు పట్టుకుని పడుకున్న తండ్రి తాడు వదిలేశాడు. నలభై నాలుగు రోజుల కష్టం కళ్ళముందే పరుగెత్తిపోతుంటే పిల్ల ఏడ్చినంత పని చేసింది.

"మన పిలుపే ఓ మోసం తల్లీ," అన్నాడు తండ్రి. "పిట్టను ఒక్కసారి మోసం చెయ్యొచ్చు. రెండోసారి చెయ్యకూడదు. జత కట్టినదాన్ని పట్టడం రెండో మోసం."

ఆ మాట కౌజక్క గుండెలో మేకు దిగినట్టు దిగింది. అప్పట్నుంచి ఆవిడ సాధించినవి ఒకటా రెండా! పదిహేడో ఏట ముగ్గురు పేరున్న వేటగాళ్ళతో పందెం వేసి, వాళ్ళు మధ్యాహ్నం దాకా ఒక్క పిట్టను పిలవలేకపోతే, తను పొద్దెక్కేలోపు ఐదింటిని పిలిచింది. పెళ్ళయిన ఏడాదే భర్తకు కూత నేర్పబోయి, "నువ్వు కూస్తే పిట్టలు కాదు, అప్పులవాళ్ళు వస్తారు," అని తేల్చేసింది. మరోసారి పక్క ఊరి వేటగాడొకడు ఆవిడ కూత విని నిజం కౌజనుకుని, అరగంట సేపు పాక్కుంటూ వచ్చి సరాసరి ఆవిడ మీదే వల విసిరాడు. వలలో పడ్డ ఆడమనిషిని చూసి వాడు బిత్తరపోతే, "ఏం నాయనా, ఈకలు పీకుతావా, ఇలాగే వండుతావా?" అనడిగింది. చిరిగిన వల ఆవిడే కుట్టిచ్చింది. కుట్టడమే మరి ఆవిడ బతుకు తెరువు. వీధి చివర రేకుల కొట్టులో పెద్ద మిషను మీద లారీ పట్టాలు కుడుతుంది, అంచులకు ఇత్తడి రింగులు బిగిస్తుంది. సుత్తి దెబ్బకు రింగు ఒకటి, రెండో దెబ్బ పడదు.

తమ్ముడికి కూత నేర్పింది మాత్రం తండ్రే. ఆయనకు పై పన్ను ఒకటి లేదు. కూత చివర సన్నగా ఈల జారేది. తమ్ముడికి ముప్ఫై రెండూ ఉన్నా ఆ ఈలతో సహా పట్టేశాడు. "నాన్న కూత నేర్చుకోరా అంటే నాన్న తొర్రి కూడా నేర్చుకున్నావు," అని అక్క ఎప్పుడూ ఎగతాళి చేసేది.

ఇంతకీ ఈ ఏడాది సంగతి. ఆ చుట్టుపక్కల ఊళ్ళకు ఒక నియమం ఉంది. పిట్టలు జత కట్టే రోజుల్లో, మార్చిలో, మూడు పొద్దులు లెక్క తీయాలి. పిలిస్తే బదులు పలికిన పుంజులు ఇరవై అయిదుకు తగ్గకపోతేనే పంటలు కోశాక పది రోజుల వేట. తగ్గితే ఆ ఏడు వల చూరులోనే. ఆ వేటకు ఒక పెద్ద ఉంటాడు. ఎవరు ఎక్కడ వల కట్టాలో ఆయనే చెప్పాలి. పదిహేనేళ్ళు ఎదురుచూశాక ఆ పెద్దరికం ఈసారి తమ్ముడికి వచ్చింది. కొత్త వల అల్లుకున్నాడు, కొత్త బూట్లు కొన్నాడు. లెక్క తీయడానికి అటవీశాఖ ఆఫీసరు వచ్చి, పిలవడానికి కౌజక్కను మించినవాళ్ళు లేరని ఆవిడనే తీసుకెళ్ళాడు.

"అక్కా, గట్టిగా పిలువే," అన్నాడు తమ్ముడు ముందురోజు. "నా పెద్దరికం నీ గొంతులో ఉంది."

"నా గొంతులో కాదురా, తుప్పల్లో ఉంది."

మొదటి పొద్దు ఎనిమిది పలికాయి. రెండో పొద్దు ఇంకో వైపు వెళ్తే ఆరే. నాలుగేళ్ళ కిందట ఒక్క పొద్దుకే ఇరవై పలికిన బీడు అది.

మూడో పొద్దు వాగు పక్కన నిలబడి దోసిలి నోటికడ్డం పెట్టి కూసింది. వెంటనే బదులు! ఎడమ పక్క ఇంకోటి! మళ్ళీ ఒకటి, మళ్ళీ ఒకటి! ఆఫీసరు పుస్తకంలో గీతలు పెట్టలేక తడబడ్డాడు. కౌజక్కకు ఒళ్ళంతా గగుర్పొడిచింది. పిట్టలు తిరిగొచ్చేశాయి! యాభై ఒకటో ఏట ఆవిడ పదకొండేళ్ళ పిల్లలా గంతేసి ఆఫీసరు భుజం మీద చరిచింది. పాపం ఆయన కలం తుప్పల్లో పడింది.

"పన్నెండమ్మా! మొత్తం ఇరవై ఆరు!" అన్నాడాయన కలం వెతుక్కుంటూ.

అప్పుడే పదమూడోది పలికింది. చివర సన్నగా ఈల జారింది.

కౌజక్క చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. మళ్ళీ కూసింది. మళ్ళీ ఈల, ఈసారి యాభై అడుగులు కుడికి. ఇందాక విన్నవన్నీ ఒక్కొక్కటే చెవిలో తిప్పుకుంది. పన్నెండులో తొమ్మిదింటికి కూత చివర అదే ఈల. సంతోషంలో చెవి మూసుకుపోయి వినలేదు, అంతే.

నిజమో కాదో తేల్చుకోవాలి. చిన్నప్పుడు అన్నం వేళకు తండ్రి వాళ్ళిద్దరినీ బీడులోంచి పిలవడానికి ఒక వింత కూత కూసేవాడు. మూడు పొట్టివి, ఒక పొడుగుది. లోకంలో ఏ కౌజూ అలా కూయదు, ఏ కౌజూ దానికి పలకదు. కౌజక్క ఆ కూత కూసింది.

పొదలోంచి ఠక్కున బదులొచ్చింది. రెండు పొడుగువి. "వస్తున్నా నాన్నా" అని దాని అర్థం. ఆ వెంటనే తుప్పల్లోంచి బూట్ల పరుగు వినిపించింది. నోరు జారిన మనిషి పరుగు అది.

మధ్యాహ్నం తమ్ముడే కొట్టు దగ్గరికొచ్చాడు. తల వెంట్రుకల్లో ముళ్ళు, కొత్త బూట్ల నిండా బురద.

"ఎక్కడెక్కడ పరుగెత్తావురా?" అంది రింగు బిగిస్తూ.

"అడక్కు. చచ్చాను. చెప్పేస్తావా?"

"పిట్టను ఒక్కసారి మోసం చెయ్యొచ్చన్నాడు నాన్న."

"నేను పిట్టల్ని మోసం చెయ్యలేదుగా! మనుషుల్ని చేశాను. మనుషుల గురించి నాన్న ఏమీ చెప్పలేదు."

కౌజక్కకు నవ్వొచ్చింది, నవ్వు వెంట కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. "ఒరేయ్, నీ తొమ్మిదినీ నమ్మి వల కడితే ఆ పదిహేడూ పోతాయిరా. వచ్చే ఏడు నువ్వు పెద్దవే, కానీ దేనికి పెద్దవు?"

తమ్ముడు వెళ్ళిపోయాడు. ఆ పూట కౌజక్క సుత్తి మొదటిసారి రెండో దెబ్బ వేసింది.

మర్నాడు పంచాయతీ హాల్లో ఇనప కుర్చీలు చాలక జనం కిటికీల్లో కూర్చున్నారు. ఆఫీసరు ఇరవై ఆరు అని చదవగానే ఈలలు, చప్పట్లు. వెనక బెంచీలో తమ్ముడు తల వంచుకున్నాడు. కౌజక్క లేచింది.

"తొమ్మిది తీసెయ్యండి సారూ."

"ఎందుకమ్మా? నేనూ విన్నాను కదా!"

"ఆ తొమ్మిదీ ఒక్కటే పిట్ట. మా నాన్న దగ్గర చదువుకుంది."

హాలంతా ఒక్క క్షణం అర్థంకాక చూసింది. తర్వాత ఎవరో ఫక్కుమన్నారు. అందరి తలలూ వెనక బెంచీకి తిరిగాయి. తమ్ముడి మొహం కందగడ్డ అయింది. పారిపోతాడనుకున్నారు. లేచి నిలబడ్డాడు.

"అవును, నేనే. తప్పే. కానీ ఒక్కటడుగుతా. మేం ఏడాదికి పది రోజులు వేటాడతాం, జతను ముట్టుకోం, గుడ్డును తాకం. మీ పొలాల్లో కొట్టే మందు మూడొందల అరవై అయిదు రోజులూ వేటాడుతుంది. మందు పడ్డ పురుగు తిని కౌజు పిల్లలు పొదల కింద గుట్టలుగా చస్తున్నాయి. వల మూయిస్తారు, సరే. ఆ మందు డబ్బా ఎవరు మూయిస్తారు?"

చేతుల్లో చప్పట్లు మిగిలిన వాళ్ళు ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నారు.

"సారూ," అంది కౌజక్క, "తొమ్మిది తీసెయ్యండి. వాడి మాట మాత్రం రాసుకోండి."

ఆఫీసరు రెండూ చేశాడు. పదిహేడు అని దిద్దాడు. ఆ ఏడు వేట మూతపడింది. తుప్పల బీడును ఆనుకున్న పొలాల్లో ముప్ఫై అడుగుల అంచుకు మందు కొట్టబోమని పదకొండు మంది రైతులు అక్కడికక్కడే సంతకాలు పెట్టారు. ఇద్దరు పెట్టలేదు. వాళ్ళ సంగతి వాళ్ళ పెళ్ళాలు చూసుకుంటారని కౌజక్క అంది. వారం తిరక్కుండా వాళ్ళూ పెట్టారు.

తమ్ముడు మాత్రం పదకొండు రోజులు అక్క గుమ్మం తొక్కలేదు. పన్నెండో రోజు కొత్త వల చంకలో పెట్టుకుని వచ్చాడు.

"అంచు ఊడింది. కుట్టు."

"వేటే లేదుగా, వలెందుకురా?"

"పిట్టలు పెరగవా ఏంటి? కుట్టవే!"

కుట్టింది. ముడి ముడికీ నవ్వుకుంటూ కుట్టింది.

ఇప్పుడు అసలు విశేషం. నోటి కూతను పిట్ట కూత నుంచి విడదీసిన చెవి తన ఉద్యోగంలో చూడలేదని ఆఫీసరు పైవాళ్ళకు రాశాడు. ఇరవై రెండు ఊళ్ళ బీళ్ళలో లెక్క తీసేవాళ్ళకు నేర్పడానికి కౌజక్కను పంపమని ఉత్తరం వచ్చింది. ఊరు ఊరంతా కొట్టు ముందు చేరింది. ఆవిడ ఒకే షరతు పెట్టింది: "మా తమ్ముడు కూడా రావాలి. వాడు పొదలో దాక్కుని కూస్తాడు. అందులో పిట్టేదో, వాడేదో చెప్పలేనివాడు పుస్తకం పట్టుకోకూడదు."

"అంటే నా దొంగతనానికే ఉద్యోగమా అక్కా?" అన్నాడు తమ్ముడు మొహం వెలిగిపోతూ.

"జీతం ఉండదు. ముళ్ళుంటాయి."

అక్కాతమ్ముళ్ళు ఏప్రిల్ చివర బస్సెక్కారు. బస్సు కదులుతుంటే లోపల్నుంచి మూడు పొట్టివి, ఒక పొడుగుది వినిపించాయి. వెంటనే రెండు పొడుగువి. డ్రైవరు కంగారుపడి బ్రేకు వేశాడు. కొట్టు తలుపు మీద భర్త సుద్దముక్కతో పెద్దక్షరాల్లో రాసిపెట్టాడు, పట్టాలు కుట్టించుకునేవాళ్ళు ఊరికే తిరగకుండా: కౌజక్క తిరిగొచ్చేది జూన్ పన్నెండో తేదీ.