తడి గోనెల మీద నిఘా

ఆ రోజుల్లో నాకు తెలిసిన విద్యలు రెండే. ఒకటి కెమిస్ట్రీ, రెండోది అనుమానం. మొదటిది కాలేజీలో మూడేళ్ళు కుస్తీ పడితే అంతంతమాత్రంగా అబ్బింది. రెండోది సోనారి పేటలోని మా ఇంట్లో ఉగ్గుపాలతోనే వచ్చేసింది. గ్యాస్ సిలిండర్ వస్తే మా అమ్మ, తెచ్చినవాడి ఎదుటే దాన్ని అటూ ఇటూ ఊపి చూసేది (ఊపితే ఏం తెలుస్తుందో నాకు ఇప్పటికీ తెలీదు, కానీ నేనూ ఊపుతాను). నాన్న ఆటో ఎక్కితే దారి పొడుగునా డ్రైవరు చేతులకేసే చూస్తూ కూర్చునేవాడు. పుచ్చకాయ కొన్నా, పెళ్ళిసంబంధం వచ్చినా మా ఇంట్లో మొదట వినబడే మాట ఒకటే: "ఇందులో ఏదో ఉంది." అలాంటి వంశంలో పుట్టిన పిల్లని తీసుకెళ్ళి బ్రేకు ప్యాడ్లు చేసే ఫ్యాక్టరీలో నాణ్యత చూడమని కూర్చోబెట్టారు. కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది.

ఊరి చివర బిర్సానగర్ బస్తీ దాటాక రేకుల షెడ్లు వరసగా ఉండే చోట చిన్న ఫ్యాక్టరీ అది. ఉద్యోగం ఇప్పించినాయన నాన్నకి స్నేహితుడు, అక్కడ ల్యాబుకి పెద్ద. చిన్నప్పట్నుంచీ నాకు బాబాయ్. ("ఇంట్లోనే బాబాయ్. ఇక్కడ సార్" అని మొదటిరోజు గేటు దగ్గరే చెప్పాడు. నేను తల ఊపి, "అలాగే బాబాయ్" అన్నాను.) ఆయన నేర్పిన మొదటి పాఠం ఇది. ఉక్కు పీచు, గ్రాఫైటు, ఇంకా నాలుగైదు రకాల పొడులు కలుపుతారు. అవన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని ఉండడానికి రెజిన్ అనే జిగురుపొడి చేరుస్తారు. వేడి ప్రెస్సులో నొక్కి, ఆ తర్వాత ఓవెన్‌లో కాలుస్తారు. "నీళ్ళే మనకి శత్రువమ్మా. పొడికి తడి తగిలిందా, ప్యాడు బొబ్బలెక్కుతుంది. ఘాట్ రోడ్డులో లారీవాడు బ్రేకు తొక్కేసరికి ముక్కలైపోతుంది" అన్నాడు. ఆ మాట నేను ఎంత శిరసావహించానంటే, నా మంచినీళ్ళ సీసా కూడా ల్యాబు బయట గూట్లో పెట్టి లోపలికి వెళ్ళేదాన్ని.

మూడో వారంలో అనుకుంటాను, మెట్ల కింద ఒక సిమెంటు బస్తా కనబడింది. మూతి విప్పి ఉంది, పైన పాత గోనె కప్పి ఉంది. షెడ్డులో ఎక్కడా తాపీ పని జరగడం లేదు. పైగా బస్తాలోంచి ల్యాబు గుమ్మం దాకా బూడిదరంగు చార ఒకటి సన్నగా పారింది. ఇంకేం! పాలల్లో నీళ్ళు, కారంలో ఇటుకపొడి, బ్రేకుల్లో సిమెంటు. నాకు ఒళ్ళంతా కళ్ళయ్యాయి. "సార్, ఆ బస్తా ఎందుకు?" అని బాబాయ్‌ని అడిగాను. ఆయన చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "తర్వాత చెప్తాలే. నువ్వు చూడనట్టు ఉండు. ముఖ్యంగా మీ నాన్నకి చెప్పకు" అన్నాడు. అంటే బాబాయ్ కూడానా! చిన్నప్పుడు నన్ను భుజాలమీద ఎక్కించుకుని అగ్రికో బజారంతా తిప్పిన మనిషి!

మర్నాడు తీగ లాగుదామని షెడ్డు వెనక్కి వెళ్ళాను. అక్కడ ఊడ్చి తుడిచే పనికొచ్చే ఆవిడ ఉంది. ఊరు శ్రీకాకుళం వైపు, ఇల్లు బిర్సానగర్, అందుకని అందరం బిర్సానగర్ అత్త అనేవాళ్ళం. స్టోరు గోడ వారగా రేకు మీద ఏవో పరిచి, గోనెలు కప్పి ఉన్నాయి. అత్త అటూ ఇటూ చూసింది. చెంబుతో నీళ్ళు తీసి ఆ గోనెల మీద పోసింది. పోసి, ఒక గోనె కొస ఎత్తి, కింద వేలితో ముట్టుకుని, సంతృప్తిగా తల పంకించింది. ఆవిడ నాలుగడుగులు వేశాక నేను కొస ఎత్తి చూస్తే గోనెల కింద పన్నెండు బ్రేకు ప్యాడ్లు! శత్రువుని పిలిచి మరీ స్నానం చేయిస్తోంది! ఆవిడ వెళ్తున్నదల్లా వెనక్కి తిరిగి, "ఏటి పాపా, అలా సూత్తన్నావు?" అంది. "ఏం లేదత్తా, గాలి కోసం" అన్నాను. "రేకుల కాడ గాలేటి, వేడి తప్ప" అని నవ్వుతూ పోయింది. ఆ నవ్వు కూడా నాకు అనుమానంగానే తోచింది.

ఆ రోజు నుంచి నిఘా పెట్టాను. అట్టమీద గులాబీ బొమ్మ ఉన్న నోటుపుస్తకం ఒకటి కొని, ఖాళీ డ్రమ్ము చాటున నిలబడి రాసేదాన్ని. "ఉదయం ఎనిమిదీ నలభై. అటూ ఇటూ చూసింది. నాలుగు చెంబులు." "మధ్యాహ్నం ఒంటిగంట. మళ్ళీ నాలుగు. కుడివైపు గోనె సర్దింది." "ఆదివారం. సెలవైనా వచ్చింది! కుట్ర పెద్దది." (ఆదివారం నేనెందుకు వెళ్ళానని అడక్కండి. ఆవిడ వస్తుందేమో చూద్దామనే వెళ్ళాను.) అయిదురోజులు అలా రాశాక, ఆరోరోజున బాబాయ్ ఏదో పెళ్ళికని విశాఖపట్నం వెళ్ళాడు. మధ్యాహ్నం అందరూ భోజనాలకి లేచారు. నేను ఆ పన్నెండు ప్యాడ్లనీ కొంగులో మూటగట్టి తెచ్చి, ఓవెన్‌లో పెట్టి, మిగతావాటికి పెట్టే వేడే పెట్టి, రెండు గంటలు కాల్చాను. చల్లారాక మళ్ళీ రేకు మీద వరసగా పేర్చి గోనె కప్పేశాను. లారీ డ్రైవర్ల పెళ్ళాం బిడ్డలందరూ నన్ను దీవిస్తున్నట్టు అనిపించింది. పుస్తకంలో రాసుకున్నాను: "సరుకుని రక్షించాను. ఓవెన్, రెండు గంటలు."

మర్నాడు అత్త గోనె ఎత్తి చాలాసేపు చూసింది. "ఇయ్యేటిలా తెల్లబోనాయి?" అని తనలో తను గొణుక్కుని, ఇంకో రెండు చెంబులు ఎక్కువ పోసింది. నేను డ్రమ్ము వెనక నవ్వుకున్నాను.

అసలు సంగతి మూడు వారాల తర్వాత, ఆ ప్యాడ్లని పరీక్షించిన రోజున బయటపడింది. బాబాయ్ రెండేళ్ళుగా సేఠ్‌జీని, అంటే యజమానిని, బతిమాలుతున్నాడట. దిగుడు రోడ్డులో ఎడతెరిపి లేకుండా బ్రేకు వేస్తే రెజిన్ కాలి కంపు కొడుతుంది, పట్టు తగ్గుతుంది. సిమెంటు అలా కాలదు, దాన్నే జిగురుగా వాడి చూద్దామని ఈయన. "ఘర్ బనానా హై క్యా?" ఇల్లు కడతావా ఏమిటి అని సేఠ్‌జీ. ఆఖరికి, ఎవరి పనికీ అడ్డం రాకుండా ఒక్కసారికి ఒప్పుకున్నాడు. నలుగురూ నవ్వుతారని బాబాయ్ గుట్టుగా చేశాడు. నాన్నకి తెలిస్తే సోనారి అంతా తెలిసిపోతుందని నాకూ చెప్పలేదు. సిమెంటు గట్టిపడడానికి కావలసింది ఓవెన్ కాదు, తడి. ఇరవై ఎనిమిది రోజుల తడి. మొదట్లోనే ఎండబెడితే ఇక పట్టు రాదు. బిర్సానగర్‌లో సగం ఇళ్ళ స్లాబులకి నీళ్ళు కొట్టిన చెయ్యి అని అత్తకి ఆ పని అప్పగించాడు. ఇదంతా ఆయన సేఠ్‌జీకి చెబుతుంటే, బ్రేకులు పరీక్షించే మిషను పక్కన నిలబడి వింటున్న నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. నోరు తెరుద్దామనుకునేలోపే మిషను తిరిగింది. బ్రేకు పడింది. ప్యాడు కాస్తా ఎండు రస్కులా పొడిపొడై నేల మీద రాలింది. రెండోదీ అంతే. మూడోది పెట్టనివ్వలేదు సేఠ్‌జీ.

బాబాయ్ వంగి ఆ పొడిని అరచేతిలోకి తీసుకుని వేళ్ళతో నలిపి చూశాడు. "రెండోరోజునుంచే గట్టిపడ్డం మొదలెట్టిందే. నీళ్ళు సరిగ్గా అందలేదా?" అన్నాడు నెమ్మదిగా. ఆ మాట పట్టుకున్నాడు సేఠ్‌జీ. "పానీ కౌన్ డాల్తా థా?" నీళ్ళెవరు పోసేవారని అడిగి, అత్తని పిలిపించి, రేపట్నుంచి రావద్దన్నాడు. అత్త చేతులు కొంగుకి తుడుచుకుంటూ, "నేను ఒక్కపూట కూడా మానలేదు బాబూ. ఆదోరం కూడా ఒచ్చి పోసాను" అంది. "సబూత్ క్యా హై?" అన్నాడాయన. రుజువేమిటని. అత్త అందరి మొహాలూ చూసింది. ఎవరు చెప్తారు? షెడ్డు వెనక్కి ఎవరు వెళ్తారు గనక?

రుజువు నా సంచీలో ఉంది. గులాబీ బొమ్మ అట్టతో. తీస్తే అత్త ఉద్యోగం నిలుస్తుంది, నాది పోతుంది. బాబాయ్ మొహం మళ్ళీ చూడలేను. తియ్యకపోతే... సిగ్గు లేకుండా చెప్తున్నాను, ఒక్క నిమిషం తియ్యకుండా ఉందామనే అనుకున్నాను. అంతలో అత్త నా వైపు తిరిగి, "పాపా, నువ్వు అక్కడే గాలికి తిరుగుతుంటావు గదా, ఎప్పుడైనా సూసినావేటి?" అంది. ఇక ఆగలేకపోయాను. పుస్తకం తీసి బాబాయ్ చేతిలో పెట్టి బావురుమన్నాను.

తెలుగులో ఉన్నదాన్ని బాబాయ్ హిందీ చేసి గట్టిగా చదివాడు. వేళలు, చెంబులు, ఆదివారంతో సహా. "కుట్ర పెద్దది" దగ్గర ఒకసారి దగ్గాడు. ఆఖరి వాక్యం దగ్గరికి వచ్చేసరికి చదవడం ఆపి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, నా వంక చూశాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "నాతో ఒక్కమాట చెప్పకూడదటమ్మా?" అన్నాడు. వెంటనే తనే, "నేను మాత్రం చెప్పానా" అనుకున్నాడు. సేఠ్‌జీ మాత్రం పొట్ట పట్టుకుని నవ్వాడు. నా ఫ్యాక్టరీలో కాపలా కాసేది వాచ్‌మన్ కాదు, ఈ పిల్ల అని, ఇంకొక్కసారి చేసుకోండన్నాడు. అత్తని ఉండమన్నాడు. నన్నూ ఉండమన్నాడు, కాకపోతే నీళ్ళు పోసే పని నాది, పోశానో లేదో చూసే పని అత్తది.

అప్పుడు తెలిసింది నాకు నిఘా అంటే. నేను పోసి ఇలా తిరిగానో లేదో వెనకే వచ్చి గోనె కింద వేలు పెట్టేది. "పోసినావా?" "పోశానత్తా." "ఏదీ? ఈ మూల పొడిగున్నాదేటి?" ఓవెన్ గదివైపు నడిస్తే చాలు, "పాపా! ఎటెల్తన్నావు?" అని కేక. ఇరవై ఎనిమిది రోజులూ అలా గడిచాయి. ఈసారి ప్యాడ్లు నిలబడ్డాయి. సేఠ్‌జీ ఒకదాన్ని చేత్తో విరవబోయి, విరగక, "ఠీక్ హై" అన్నాడు. ఆయన నోట అంతకన్నా పెద్ద మాట ఎవరూ వినలేదు.

ఆ సాయంత్రం అత్త నా దగ్గరికి వచ్చి కూర్చుంది. "నా గురించి ఏటో రాసినావంట గదా, ఓపాలి సదువు" అంది. తల వంచుకుని చదివాను. "అటూ ఇటూ చూసింది" అన్నచోట ఆపింది. "ఓలమ్మ! కుక్క కోసం సూసేనే. సల్లగుంటాదని ఒచ్చి గోనిమీద తొంగుంటాది." తర్వాత చివరిదాకా వింది. "అన్ని రోజులూ రాసినావా? ఎన్ని సెంబులో కూడా?" అంది. "ఇన్నేళ్ళు ఇన్ని ఇళ్ళకి నీల్లు కొట్టేను పాపా. నేను సేసిన పని ఎవులూ ఎక్కడా రాయలేదు." క్షమించమని అడుగుదామని నోరు తెరిచేలోపే, "ఇది నాకిచ్చీ" అంది.

ఇచ్చాను. బయట చినుకులు మొదలయ్యాయి. తడుస్తుందని పుస్తకాన్ని కొంగులో రెండు చుట్లు చుట్టి, చంకలో గట్టిగా పెట్టుకుని, గేటు దాకా పరుగులాంటి నడకతో వెళ్ళింది. చదువు రాని మనిషికి ఆ పుస్తకం ఎందుకా, ఇందులో ఏదో ఉంది అనుకుంటూ కిటికీలోంచి అనుమానంగా చూస్తూ నిలబడ్డాను. నా మొహం! ఇరవై రెండేళ్ళ దాన్ని, అప్పటికి నాకు అంతే తెలుసు.