మగ్గం రబ్బరు వేసిన కారు

జగిత్యాలలో ఒక ఇంటి వెనక ఏండ్లుగా పడున్న పాత స్పోర్ట్స్ కారును నా బిడ్డ కొన్నది. రెండే తలుపులు, రెండే సీట్లు. కూర్చుంటే రోడ్డు నడుముకు తగులుతుందేమో అనిపించేంత కిందికి ఉంటుంది. అమ్మినాయన ముందు దాన్ని పాత ఇనుప సామానోడికి చూపించాడట. వాడు వేళ్లతో కొట్టి చూసి, "ఇది ఇనుము గాదు సారూ, ఫైబర్. బకెట్ లెక్క మోగుతున్నది, నాకెందుకు?" అని పోయాడట. అందుకే మాకు దొరికింది.

నా బిడ్డ కోరుట్లలో జాకెట్లు కుట్టి బతుకుతుంది. నేను సిరిసిల్లలో ఉంటాను. మా ఆయన ముప్పై ఏండ్లు సాంచెలు బాగుచేశాడు. మరమగ్గాలను మేం సాంచెలు అంటాం. ఆయన పోయాక మా నాలుగు సాంచెలను నేనే ఇనుము కింద అమ్మేశాను. అందుకే, "ఈ కారెందుకే, వద్దు" అంటే నా బిడ్డ ఒకటే మాటన్నది: "బాపు సాంచెలు తూకానికి అమ్మినవ్. దీన్ని సుత ఇడిసిపెట్టుమంటవా?"

కారు పాతది కాబట్టి జగిత్యాలలో బ్రేకు ఇన్‌స్పెక్టర్ చూసి సరే అంటేనే మళ్లీ రోడ్డెక్కుతుంది. అనకపోతే అది కోళ్లగూడే. కోరుట్లలో ఒక ముసలి మెకానిక్కు పని ఒప్పుకున్నాడు. నా బిడ్డ ఆయనను చాచా అంటుంది. తలుపు పిడి ఆటోది, వైపరు ఏదో వ్యానుది, సీట్ల గుడ్డ మా పిల్ల మిషన్ మీద కుట్టిందే. చివరికి ఇంజన్ కింద ఉండే రబ్బరు దిమ్మ ఒక్కటి మిగిలింది. దాని అసలుది ఎక్కడా దొరకలేదు.

అది విన్నాక నేను మా ఆయన సామాను పెట్టె తెరిచాను. సాంచెలో దెబ్బను ఆపే రబ్బరు దిమ్మలు ఉన్నాయి. మంచివి రెండు ఏరుకుని కోరుట్ల బస్సెక్కాను.

"భాయ్, గివి పెట్టు. ఏండ్లకేండ్లు దెబ్బలు తిన్నా పగలవు."

చాచా గోరుతో నొక్కి చూశాడు. "రాయి లెక్కున్నది అక్కా. ఇంజన్‌కు జర మెత్తగుండాలె. జీపు రబ్బరు కోసి పెడ్త."

"మెత్తగుంటె కదుల్తది, కదిలితె ఇరుగుతది. మా ఆయన కదిలే మిషన్‌ను ఎన్నడన్న ఇడిసిపెట్టిండా?"

"ఆయన ఉస్తాద్. నేను కాదన్ననా?" అంటూ ఆయన మా పిల్ల వైపు చూశాడు. అది నా ముఖం చూసింది. "పెట్టు చాచా" అన్నది.

ఇన్‌స్పెక్టర్ రమ్మన్న రోజు పొద్దున్నే తల్లీబిడ్డలం బయలుదేరాం. కోరుట్ల దాటగానే వణుకు మొదలైంది. అద్దంలో ఒక్క లారీ రెండుగా కనబడింది. నా పళ్లు టకటకలాడాయి. "సాంచె మీద కూసున్నట్టున్నదే అమ్మా!" అని మా పిల్ల నవ్వింది. కొంచెం దూరం పోయాక ఒక లైటు ఆరిపోయింది. ఆ తర్వాత వెనకాల ఏదో ఊడి, రోడ్డు మీద గలగలమన్నది. ఆపి చూస్తే సైలెన్సర్ వేలాడుతోంది.

"చాచా సరిగ బిగియ్యలే" అన్నది మా పిల్ల.

నేను కారు మీద అరచెయ్యి పెట్టాను. సాంచెల మోతలో చెవి పనిచేయదు, మాకు చెయ్యే చెవి. సాంచెను నేలకు బిగిస్తాం, దాని వణుకంతా నేల తాగుతుంది. ఈ కారు కింద తాగే నేల లేదు. ఆ గట్టి రబ్బరు ఆపలేక ఇంజన్ వణుకు పోయి ప్రతి మరలోనూ దూరింది. ఇన్ని ఏండ్లు నాకు తెలిసింది ఒక్క సాంచె సంగతే అని అప్పుడు అర్థమైంది. నేను ఊరుకుంటే నింద చాచా మీదే ఉండిపోయేది.

"చాచా తప్పు లేదు బిడ్డా, నాదే. రబ్బరు మంచిదని పట్టువట్టలే. మీ బాపుది ఏదన్న ఒకటి పనికి రావాలని పట్టువట్టిన."

అది వైరుతో సైలెన్సర్ కడుతూ తలెత్తలేదు. "నాకు ఎర్కనే. చాచా రాయి లెక్కున్నదన్నప్పుడె ఎర్కయింది. అంత దూరం బస్సుల మోసుకచ్చినవ్, ఎట్ల వద్దంట?"

"వద్దనాలె. కారు నీది."

"ఇప్పుడంటున్న. వద్దు" అని కారు వెనక్కి తిప్పింది. ఆ రోజు ఇన్‌స్పెక్టర్ దగ్గరికి పోలేదు. చాచా ఒక్క మాట కూడా అనకుండా జీపు రబ్బరు కోయడానికి కూర్చున్నాడు. అనుంటేనే నాకు కొంచెం తేలికయ్యేది.

మళ్లీ రమ్మన్న రోజు ఇన్‌స్పెక్టర్ కారు చుట్టూ తిరిగాడు, వంగి కిందికి చూశాడు, నడిపి బ్రేకు తొక్కాడు. కాగితం మీద సంతకం పెట్టాడు. మా పిల్ల ఆ కాగితాన్ని మూడుసార్లు చదివింది. బస్సెక్కుతానంటే వినకుండా నన్ను సిరిసిల్లలో మా గల్లీ దాకా తెచ్చింది.

పక్కింటామె గడపలో నుంచి వంగి చూసింది. "ఏందే, తల్లీబిడ్డలు పండుకొని అచ్చిన్రా? ఎవలదే గీ కారు?"

"నా బిడ్డది" అన్నాను. "దిగరాకుంటున్నది, జర చెయ్యియ్యే."