పదిహేడు శాతం తేమ

కళ్లంలోనే బస్తా పదహారువందలకి కొంటానన్న దళారిని వెనక్కి పంపిన మొనగాణ్ణి నేను. పలాసలో మా కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి; ఎదుటివాడు మొదట చెప్పిన ధరకి ఒప్పుకోవడం మా ఇంటావంటా లేదు. పైగా ఆ అరవై బస్తాలూ నావి కావు, టెక్కలి దగ్గర మా మావ, అంటే నా భార్య తండ్రి, పండించినవి. పరాయి సరుకు మీద బేరమాడేటప్పుడు నాకు ధైర్యం ఎక్కువ.

"ఇచ్చీద్దుం అల్లుడా. మోటారు కాలిపోనాది. కొబ్బరి మొక్కలకి నీల్లు లేవు," అన్నాడు మావ.

"ప్రభుత్వం పద్దెనిమిదివందల నలభై ఇస్తానంటుంటే వీడికా?" అన్నాను.

ఇంకో సలహా కూడా పారేశాను. మా కొట్లో బెల్లమైనా చింతపండైనా ఎండనివ్వం. ఎండితే తూకం పోతుంది. అంచేత ఇంకో రెండ్రోజులు ఎండబెడదామన్న మావని ఆపి, ధాన్యం బస్తాలకెత్తించి మూతులు కుట్టించేశాను.

కొనుగోలు కేంద్రంలో ఉద్యోగి గుప్పెడు గింజలు తేమ మీటర్లో పోసి ఇరవై అన్నాడు. పదిహేడు దాటితే కొనరట.

"పద్దెనిమిది రాసుకోండి సార్," అన్నాను, బేరమాడే అలవాటుకొద్దీ.

"ఇది కూరగాయల బజారు కాదండి."

బస్తాలు విప్పి నాలుగు రోజులు రోడ్డు మీద ఆరబోసి మళ్లీ వెళ్లాం. ఈసారి పదహారు వచ్చింది. కానీ మావ ఊరి నుంచి కొనాల్సిన టార్గెట్ నిన్ననే అయిపోయిందట. మా కొట్టు ముందు ‘జీడిపప్పు కొనబడును’ అని ధర రాసి, తెచ్చినవాణ్ణి పొమ్మంటే కొట్టు తగలబెట్టేవారు. ప్రభుత్వం అదే పని చేస్తే దానికి మద్దతు అని పేరు.

మబ్బు పట్టింది. దళారి వచ్చాడు.

"ఏటి బావా, సర్కారోడు కొన్నాడా? నానైతే పద్నాలుగొందలు."

"ఆడికిచ్చీ అల్లుడా," అన్నాడు మావ. దళారి డబ్బు లెక్కపెట్టిచ్చి, మావ పాసుపుస్తకం జిరాక్సు పట్టుకుపోయాడు.

వారం తిరక్కుండా టార్గెట్ పెంచారు. అదే ధాన్యం, అదే కేంద్రం; రైతు పేరు మీదైతేనే కొంటారు కాబట్టి దళారి మావ పేరు మీదే అమ్మాడు. మావ ఖాతాలో లక్షా ఆరువేల ఏడువందల ఇరవై పడింది. ముందే ఒప్పుకున్నట్టు మొత్తం తీసి దళారి చేతిలో పెట్టొచ్చాడు. కాగితాల మీద మాత్రం మా మావ మద్దతు ధర అందుకున్న రైతు. మోటారు మాట ఆ ఏడాది ఎవరూ ఎత్తలేదు.

నా లెక్క ఇది. ఎండాక అరవై బస్తాలు యాభై ఎనిమిదయ్యాయి. పద్నాలుగువందల చొప్పున ఎనభై ఒక్కవేల రెండువందలు. మొదటి రోజే అమ్మితే తొంభై ఆరువేలు. తేడా పద్నాలుగువేల ఎనిమిదివందలు. ఆరబోసిన కూలీలకి, టార్పాలిన్ల అద్దెకి పన్నెండువందలు. వెరసి పదహారువేలు. అందులో నా వాటా ఎంత, ప్రభుత్వం వాటా ఎంత అని కొన్నాళ్లు విడదీసి చూసుకున్నాను. ప్రభుత్వం కట్టలేదు. నేనూ కట్టలేదు. పదహారువేలూ మా మావ ఒక్కడే భరించాడు.